చెల్లెల్ని పంపేస్తే పొలం వచ్చేస్తుందా?

(కథలు రాసేవారి సందేహాలకు అమలాపురం నుంచి ఓ రిటైర్డ్ దస్తావేజు లేఖరి జవాబులు)

ప్రశ్న: నా కథలో అన్నయ్య, చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర కొబ్బరితోట కాజేయడానికి ఆమెకి పిచ్చి అని చెప్పి వైజాగ్ ఆసుపత్రిలో చేర్పించేస్తాడు. పోటీకి పంపితే ‘నమ్మేలా లేదు’ అని తిప్పి పంపారు. ఇలాంటివి జరుగుతాయి కదండీ? ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, జరగవని ఎవరన్నారు? మీరు పంపిన ప్రతి రెండుసార్లు చదివాను. చిక్కల్లా మీ అన్నయ్య పాత్రకి దస్తావేజుల సంగతి తెలియకపోవడం. ఆసుపత్రి గేటు పడగానే తోట తన పేరు మీదకి వచ్చేసినట్టు రాశారు. ముప్పయ్యారేళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చున్నవాణ్ణి, నాకు పంటికింద రాయి అక్కడే తగిలింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ఉందని డాక్టరు తేల్చినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనిది అయిపోదు. ఆ మాట కోర్టు చెప్పాలి. చెల్లెలు వార్డులో ఉన్నా తోట చెల్లెలిదే.

మరి అన్నయ్యకి ఏం దక్కింది? దింపు డబ్బులు, అంటే కాయలు దింపించి అమ్మిన సొమ్ము. అడిగే మనిషి ఊళ్లో లేదు కదా. అంతకన్నా పెద్ద లాభం తర్వాత వస్తుంది. రేపు ఆవిడ తిరిగొచ్చి ‘ఆ కాయితం మీద సంతకం నాది కాదు’ అంటే, వీధి అరుగు మీద ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ‘పాపం, ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదు’ అంటారు. మీ కథ ఆ అరుగు మీద ఉందమ్మా, మీరేమో కారిడార్లలో వెతుకుతున్నారు.

ఈ కిటుకుని బాగా వాడుకున్నవాడు విల్కీ కాలిన్స్ అనే ఇంగ్లిషాయన. ‘ది ఉమన్ ఇన్ వైట్’ అని 1859-60లో సీరియల్ రాశాడు. భార్య లారా చనిపోతే ఇరవై వేల పౌన్లు భర్తకి వస్తాయి, బతికుంటే రావు. అందుకని ఆమె పోలికలున్న ఇంకో అమ్మాయి చనిపోతే భార్య పేరుతో పాతిపెట్టి, భార్యని ఆ అమ్మాయి పేరుతో పిచ్చాసుపత్రిలో పెట్టేస్తారు. పాపం ఆవిడ ‘నేను లారాని’ అన్నప్పుడల్లా అదే పిచ్చికి రుజువు. నిజం చెప్పేకొద్దీ ఇరుక్కుపోతుంది! కాలిన్స్ న్యాయశాస్త్రం చదివినవాడు లెండి, మనిషిని కాయితం మీద ఎలా చంపాలో తెలుసు.

ఇక చేర్పించే సీను. నలుగురు రౌడీలు, వ్యాను, నోటికి గుడ్డ... వద్దు. రష్యన్ రచయిత చెహోవ్ 1892లో రాసిన ‘ఆరో నంబరు వార్డు’లో డాక్టరునే వార్డులో వేసేస్తారు. ఎలాగ? తోటి డాక్టరు వచ్చి ‘ఒక పేషెంటుని మీరూ ఓసారి చూడాలి’ అని మర్యాదగా పిలుచుకొస్తాడు. వార్డులోకి వచ్చాక ‘ఇక్కడే ఉండండి, స్టెతస్కోపు తెస్తాను’ అని వెళ్తాడు. మళ్లీ రాడు. వార్డు కాపలావాడు ఆసుపత్రి బట్టలు పట్టుకొస్తాడు. అంతే. మీ అన్నయ్య చేత కూడా ‘వదినకి ఒంట్లో బాగోలేదు, తోడు రామ్మా’ అనిపించండి. రాజమండ్రిలో రైలెక్కేటప్పుడు వదిన కోసం వండిన పెరుగన్నం క్యారేజీ చెల్లెలి చేతిలోనే ఉండాలి.

కథ 1985లో జరిగిందంటారా, అప్పటికి 1912 నాటి చట్టమే ఉంది. మేజిస్ట్రేటుకి అర్జీ, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు కావాలి. ఇప్పటి కథ అయితే, ఇష్టం లేని మనిషిని చేర్చుకోవడానికి ఇద్దరు విడివిడిగా పరీక్ష చెయ్యాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. మొదట ముప్పై రోజులు దాటి ఉంచకూడదు. ఆడమనిషి అయితే మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజెయ్యాలి. మీరు డాక్టరుకి లంచం ఇప్పించేశారు. తేలిక దారి అది. లంచం తీసెయ్యండి, అన్నయ్య చేత నిజాలే చెప్పించండి. రాత్రిళ్లు నిద్రపోదండీ అంటాడు. నిజమే, తోటలో కాయలు దింపేసుకుంటున్నారని కాపలా కాస్తోంది. తనలో తను మాట్లాడుకుంటుందండీ అంటాడు. అదీ నిజమే, లెక్కలు వేసుకుంటోంది. ఇంట్లోవాళ్లే మోసం చేస్తున్నారంటుందండీ అని కళ్లు తుడుచుకుంటాడు. డాక్టరు మంచివాడే అయితే ఇంకా భయం వేస్తుంది.

ఆసుపత్రే ఉండాలని కూడా లేదు. మా దొడ్డమ్మని ఎక్కడికీ పంపలేదు. పెదనాన్న పోయిన ఏడాదికి, గోదావరి లంకలో ఇంటి వెనక కాయలు పోసే గదిలో రెండు వర్షాకాలాలు ఉంచారు. గొళ్లెం బయట. ‘దొడ్డమ్మకి బాగోలేదు’ అనేవారు మాతో. పదేళ్లవాణ్ణి, నమ్మాను. తర్వాత ఆ గది గోడ చూస్తే బొగ్గుతో ఐదేసి గీతలు, నేల దాకా. రోజులేమో అనుకున్నాను. అవి కాయలట. దింపు రోజున కాయ నేల మీద పడ్డ చప్పుడు వినబడ్డప్పుడల్లా ఒక గీత గీసింది. ఆ గోడనీ, మరిది గారి లెక్కల పుస్తకాన్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మరుసటి సంక్రాంతికి సున్నం వేశారు.

ప్రశ్న: కథలో ‘పిచ్చాసుపత్రి’ అని రాయొచ్చా? కరెంటు షాకు సీను ఉంచనా?
– అదే పాఠకురాలు

జవాబు: వదిన అంటే అననివ్వండి, ‘చినవాల్తేరు కేసు’ అని కూడా అంటుంది ఆవిడ (వైజాగ్ మానసిక ఆసుపత్రి ఉన్నది అక్కడే). కథ చెప్పే గొంతు మాత్రం అనకూడదు. షాకు సీను సినిమాలోది. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాకు పెట్టడం ఇప్పటి చట్టంలో నిషేధం. తీసెయ్యండి. తిరగరాసి పంపేటప్పుడు, కథలో తోటకి మీరు వేసిన సర్వే నంబరు కూడా తీసెయ్యండి, అది నిజంగా ఎవరిదో అయ్యుంటుంది.