సినిమా మీద అలక, మేనమామ కత్తెర

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. మా వారు బంగారు పని చేస్తారు, చిన్న దుకాణం ఉంది. నాలుగు నెలల కిందట ఆయన అభిమాన నటుడి భారీ సైన్స్ ఫిక్షన్ సినిమా విడుదలైంది. మొదటి రోజే ఇంటిల్లిపాదికీ పదకొండు టికెట్లు తెచ్చారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు కూడా కారులో వచ్చాడు. బలమైన గురుత్వాకర్షణ ఉన్నచోట కాలం నెమ్మదిగా నడుస్తుందని, అందుకే కథలో అన్న తిరిగి వచ్చేసరికి తమ్ముడు ముసలివాడయ్యాడని ఇంటికి వస్తూ దారంతా తొమ్మిదేళ్ల మా పాపకు మా వారు వివరించారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడు ఫోనులో సమీక్షలు తెరిచి ఒక్కొక్కటీ పైకి చదువుతూ నవ్వాడు. ఒకరు అయిదుకు రెండు, ఇంకొకరు రెండున్నర ఇచ్చారు. ఆ అన్నదమ్ముల సన్నివేశాన్ని ఒకాయన ‘చందమామ కథ’ అన్నాడు. ‘డబ్బు తీసుకుని రాసే రాతలు’ అన్నారు మా వారు. తమ్ముడు వెంటనే, ‘బావా, మీకు సైన్స్‌తో పనేముంది, గ్రాఫిక్స్ బాగుంటే చాలు కదా’ అన్నాడు. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన రాత్రి రెండు దాకా కూర్చుని, సినిమా బాగాలేదన్న వాళ్లందరికీ ఫోనులో జవాబులు రాస్తారు. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ని కూడా అప్పట్లో తిట్టారు, తరువాత కళ్లకద్దుకున్నారు అని వాదిస్తారు. ఒక విమర్శకుడికి ‘నీ ఇల్లు ఎక్కడో కనుక్కుంటాను’ అని కూడా రాశారు. వచ్చే నెల బ్రహ్మంగారి మఠంలో మా బాబుకు పుట్టు వెంట్రుకలు తీయించాలి. మా తమ్ముడు రావడానికి వీల్లేదని, నాకు వరసకు తమ్ముడయ్యే మరొకరి చేత మొదటి కత్తెర వేయిస్తానని పట్టుబట్టారు. మా అమ్మ ఒకటే ఏడుపు. ఇది ఉత్త సినిమా అని ఆయనకు ఎలా నచ్చజెప్పాలి? ఆయన మంచివారే. బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడులో ఉండగా మా మామగారు పోవడంతో చదువు మానేశారు.

జవాబు: అమ్మా, ఇది ఉత్త సినిమా అని ఆయనకు నచ్చజెప్పే మార్గం నాకు తెలియదు. తెలిసినా చెప్పను. ఆ మాట ఇకమీదట మీ నోట రానివ్వకండి. భోజనాల దగ్గర మీ తమ్ముడు అన్నది కూడా ఇంచుమించు అదే కదా.

సినిమా పేరు కూడా మీరు రాశారు. నేను తీసేశాను. అది ఇక్కడ అచ్చయితే వచ్చే వారం నాకు అందే ఉత్తరాలన్నీ మీ సంసారాన్ని వదిలేసి ఆ సినిమా వెంట పడతాయి. నాకా ఓపిక లేదు.

మీ ఉత్తరంలో మొదట ఉండవలసిన వాక్యం చిట్టచివర, సంతకానికి పైన ఉంది. బీఎస్సీ సంగతి. అది చదివాక మొత్తం ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇరవై ఏళ్లయినా నిండని కుర్రవాడు ఫిజిక్స్ పుస్తకం మూసేసి తండ్రి కుంపటి ముందు కూర్చున్నాడు. ఇల్లు నిలబడింది, మీరు కోడలిగా వచ్చారు, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ పుస్తకం ఏమైందని ఆయనను మళ్లీ ఎవరూ అడిగి ఉండరు. ఆయనా చెప్పి ఉండరు. ఎప్పుడో ఒకసారి ఇలాంటి సినిమా వస్తుంది. నక్షత్రాలు, గురుత్వాకర్షణ, కాలం, అన్నీ ఒక్కచోట, ఆపైన ఇష్టమైన నటుడు. పదకొండు టికెట్లు ఆ నటుడి కోసమే అని మీరందరూ అనుకున్నారు. మరి దారి పొడవునా పాపకు ఆయన చెప్పింది నటుడి సంగతులా? ఆ రోజు ఆయన మీ అందరినీ తాను వదిలేసిన తరగతి గదికి తీసుకువెళ్లారు. రాత్రికి అన్నం ముందు, అత్తింటి వాళ్లూ కూతురూ వింటుండగా, ‘మీకు సైన్స్‌తో పనేముంది’ అనిపించుకున్నారు.

పైగా ఆయన చెప్పింది నిజం. బరువైన నక్షత్రాల వంటి వాటి దగ్గర కాలం నెమ్మదిస్తుందన్నది ఐన్‌స్టీన్ 1915లో పూర్తి చేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతంలోని మాట. మన తల మీద సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. అంత ఎత్తున భూమి లాగుడు తక్కువ కాబట్టి కాలం త్వరగా నడుస్తుంది, వాటి వేగం వల్ల కొంచెం తగ్గుతుంది, రెండూ పోగా మిగిలే తేడా అది. దాన్ని ముందే సరిచేయకపోతే ఫోనులో దారి చూపే పటం రోజురోజుకూ తప్పుతూ పోతుంది. ఏ ఫోను చూసుకుంటూ మీ తమ్ముడు బెంగళూరు నుంచి ప్రొద్దుటూరుకు కారు నడిపాడో, అదే ఫోనులో ‘చందమామ కథ’ అన్న మాట చదివి నవ్వాడు. ఇక కథల మాటే అనుకుంటే, భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ పాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. ఆ కాస్త సేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఒంటిమిట్టను చూపించి పోతన మావాడు అనే జిల్లా మీది. ఈ కథ మీ అమ్మగారికి తప్పక తెలిసి ఉంటుంది. పాపకు ఆవిడ చేతే చెప్పించండి, వాళ్ల నాన్న వినేలా.

అంతమాత్రాన సినిమా గొప్పదని నేను అనడం లేదు. నేనూ చూశాను. విరామం తరువాత రెండుసార్లు గడియారం చూసుకున్నాను. మీ వారి చేతికి ఈ జవాబు ఇచ్చేటట్లయితే ఈ ఒక్క ముక్క మీద వేలు అడ్డం పెట్టండి.

విమర్శకుల మీద ఆయన కోపం సంగతి చూద్దాం. ఆయన దుకాణంలో రోజూ చేసే పనేమిటి? ఎవరో ఆడమనిషి కొంగు ముడిలో గొలుసు పెట్టుకుని వస్తుంది. మా అమ్మ పెట్టిన గొలుసు, 22 క్యారెట్లు అంటుంది. ఆయన గీటురాయి మీద గీస్తారు, ఆసిడ్ చుక్క వేసి గీత నిలుస్తుందో లేదో చూస్తారు. నూటికి 91.6 పాళ్లు ఉండవలసిన బంగారం 75 పాళ్లే ఉంటే 18 క్యారెట్లని చెప్పక తప్పదు. ఆమె ముఖం మాడిపోతుంది. మీ రాయే మంచిది కాదంటుంది. ధర తగ్గించుకోవడానికి ఇలా అంటున్నారంటుంది. ఆయన ఆమె తల్లిని పల్లెత్తు మాట అనలేదు, కానీ ఆమెకు వినిపించింది తల్లి గురించే. ప్రొద్దుటూరులో బంగారం పట్టినవాడు ఈ ఘట్టం దాటకుండా ఉండడు. పని తెలిసినవాడు ఏం చేస్తాడంటే, ముందు గొలుసు తిప్పి చూసి ‘పనితనం బాగుందమ్మా, ఇలాంటి లంకె ఇప్పుడు వేయడం తక్కువ’ అంటాడు, ఆ తరువాతే క్యారెట్ల సంగతి ఎత్తుతాడు. మీ వారూ అలాగే చెబుతారని నా నమ్మకం.

దీన్ని ఆయనకు పోల్చి చెప్పకండి. పోలిక చెబితే పాఠం చెప్పినట్టు ఉంటుంది, ఆ ఇంట్లో ఆయనకు ఇప్పటికే తగినంత పాఠం జరిగింది. ఏదో ఒక రాత్రి ఊరికే అడగండి: ‘బంగారం తక్కువ ఉందని చెబితే మీ మీద ఎవరైనా అరిచారా?’ ఆయన చెప్పుకుపోతారు. వినండి. అక్కడితో ఆపండి.

ఒక తేడా మాత్రం ఉంది. బంగారానికి రాయి ఉంది, సినిమాకు లేదు. అయిదుకు రెండు అని వేసేవాడి దగ్గర ఏ ఆసిడ్ చుక్కా ఉండదు, ఆ పూట అతనికి ఎలా అనిపించిందన్నదే ఉంటుంది. అందుకే సమీక్షకుడు వెటకారం కొంచెం తగ్గించుకుని రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ఈ మధ్య కొందరు సినిమా గురించి రాయడం మానేసి సినిమాకు వెళ్లినవాళ్ల గురించి రాస్తున్నారు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు అసలు లేరని కూడా నేను హామీ ఇవ్వలేను. కాకపోతే ఆ అనుమానం పొగిడిన రాతల మీద కూడా అంతే రావాలి, మన అభిమానులకు ఎందుకో అటువైపు రాదు.

‘2001’ గురించి ఆయన చెప్పేదీ నిజమే. 1968 ఏప్రిల్‌లో ఆ సినిమా వచ్చినప్పుడు పేరున్న విమర్శకులే విసుగు ప్రకటించారు. అప్పుడు దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఏం చేశాడు? తొలి ప్రదర్శనలయ్యాక కత్తెర పట్టుకుని తన సినిమాలోంచి తానే సుమారు 19 నిమిషాలు తీసేశాడు. ఎవరి ఇంటి చిరునామా వాకబు చేయలేదు.

ఆ చిరునామా విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. ఆయన రాసింది బెదిరింపు. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద అది నేరం. కోపంలో రాశాను, కనుక్కోవాలని లేదు అంటే ముందు నమ్మవలసింది అవతలివాడు, మీరూ నేనూ కాదు. ఈ వారంలోనే, వీలైతే ఈ రోజే, ఆయన ఆ మనిషికి ఒక్క వాక్యం పంపాలి: ‘కోపంలో రాశాను, తప్పు, క్షమించండి.’ దాని వెనుక ‘కానీ మీ సమీక్ష’ అని తోక తగిలించకూడదు. రాసింది తుడిచేస్తే సరిపోదా అంటారేమో, అవతలి ఫోనులో దాని ఫోటో ఉండే ఉంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం మీరు పట్టుబట్టండి. దుకాణానికి వచ్చి కూర్చుని ఆయనను ఎగదోసే అభిమాన సంఘం మిత్రులు ఉంటే, రేపు పోలీసు కబురు వస్తే వాళ్లలో ఎంతమంది వెంట వస్తారో ఆయననే లెక్కపెట్టమనండి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. మీ తమ్ముడు చదువుతూ నవ్వుతున్నప్పుడు మీరూ నవ్వారా? ఉత్తరంలో లేదు. ఆ రాత్రి పంక్తిలో చాలామంది కూర్చున్నారు కదా, ‘ఇక చాలు, ఆపు’ అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది కూడా లేదు. ఉండి ఉంటే మీరు రాసేవారు అనుకుంటాను. నాలుగు నెలలుగా ఆయన తమ్ముడితో మాట్లాడటం లేదన్నది పైకి కనిపించే లెక్క. మీతో మాట్లాడుతూనే లోపల ఒక మాట దాచుకుని ఉండవచ్చు. మీరు నవ్వి ఉంటే, నవ్వానని, తప్పు చేశానని చెప్పండి. నవ్వకపోయినా ఊరుకున్నారు కాబట్టి ఊరుకున్నందుకు చెప్పండి. పిల్లలు పడుకున్నాక, ఆయన ఫోను తీయకముందు. ‘ఆ రోజు పాపకు కాలం గురించి ఏదో చెప్పారు, నాకు సగమే అర్థమైంది, మళ్లీ చెప్పండి’ అని అడగండి. నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే సుమా. నటిస్తే ఆయన ఒక్క క్షణంలో పట్టేస్తారు, గీటురాయి పట్టే చేతులవి.

మీ తమ్ముడికి నేను చెప్పేది మరీ తక్కువ. సినిమా నచ్చలేదన్న అభిప్రాయాన్ని అతను వెనక్కి తీసుకోనక్కరలేదు. బావను మెప్పించడానికి ‘మళ్లీ చూశాను, బాగుంది’ అని అబద్ధం చెబితే ఉన్న గాయం ఇంకా పెద్దదవుతుంది. అతను క్షమాపణ చెప్పవలసింది ఒక్క వాక్యానికే. సైన్స్‌తో పనేముంది అన్నందుకు. అది కూడా మీ ద్వారా కాదు, మీ అమ్మగారి ద్వారా అసలే కాదు. ఇన్నాళ్లూ అటు మాట ఇటు, ఇటు మాట అటు మీరు మోశారు కాబట్టే ఇద్దరికీ మాట్లాడుకోవలసిన అవసరం పడలేదు. ఈ రోజు నుంచి మోయకండి. మీ అమ్మగారిని కూడా అల్లుడికి ఫోను చేయవద్దనండి. ఆవిడ ఏడిస్తే ఆయన ఒప్పుకుంటారు, కానీ ఆ ఒప్పుకోలు మఠం నుంచి తిరిగి వచ్చేదాకా కూడా నిలవదు.

కత్తెర సంగతిలో ఆయనతో వాదన పెట్టుకోకండి. వరసకు తమ్ముడయ్యే ఆ అబ్బాయికి ఇంకా ఖాయంగా కబురు పెట్టవద్దు, కాస్త ఆగుదాం అని మాత్రం అడగండి. సొంత మేనమామ ఉండగా మరొకరు మొదటి కత్తెర వేస్తే చుట్టాలందరికీ కారణం చెప్పుకోవాలి, ఆ కారణం సినిమా అని చెప్పుకోవడం ఆయనకూ కష్టమే. రాబోయే కాలంలో ఏం జరుగుతుందో కాలజ్ఞానంలో చెప్పిన బ్రహ్మంగారి సన్నిధిలో, కాలం గురించి తీసిన సినిమా మీద అలిగి కూర్చోవడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది. ఏదో ఒక రోజు ఆయనకూ తెప్పిస్తుంది, ఇప్పుడే కాదు.

తమ్ముణ్ణి వెంట్రుకలు తీసే రోజు తెల్లవారుజామున నేరుగా మఠానికి రానివ్వకండి. పదిమంది చుట్టాల ముందు, బాబు గుక్కపట్టి ఏడుస్తుండగా, ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేరు. కనీసం వారం ముందు, ఒక్కడే రావాలి. ఇంటికి కాకుండా దుకాణానికి వెళ్లాలి, సాయంత్రం కట్టేసే వేళకు, గిరాకీ లేనప్పుడు. వస్తున్నట్టు మీరు ముందుగా ఆయనకు చెప్పండి, చాటుగా తెచ్చి నిలబెట్టినట్టు ఉండకూడదు. వద్దంటే ఆ వారం ఆగి మళ్లీ అడగండి. సరే అంటే ఆ సాయంత్రం మీరు అటువైపు వెళ్లకండి, టీ పేరుతో పాపను కూడా పంపకండి. అన్నం మాత్రం ఇద్దరికీ వండి ఉంచండి, ఆలస్యమైనా ఫోను చేయకండి.