భీమిలి పర్యాటక స్థలంగా ఎలా ఎదిగింది? ఒక రోజులో అక్కడ ఏం చూడవచ్చు?

ప్రశ్న అడిగినవారు విశాఖపట్నం నుంచి పిల్లలతో, పెద్దలతో ఒక రోజు భీమిలి వెళ్లాలనుకుంటున్నారు. ఆ ఊరు ఎప్పటి నుంచి పర్యాటకుల ఊరైంది, సముద్రం కాక అక్కడ ఇంకేముంది, భోజనం ఎక్కడ చేయవచ్చు అని అడిగారు. నేను పుట్టి పెరిగింది భీమిలిలోనే. చుట్టుపక్కల పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత మళ్లీ అక్కడికే చేరాను. అందుచేత నాకు తెలిసినంతవరకు వివరంగానే రాస్తాను.

భీమిలి ఈనాడు ఇంత ప్రశాంతంగా కనిపించడానికి కారణం, ఒకప్పుడు అది తన వ్యాపారాన్నంతా పోగొట్టుకోవడమే. 17వ శతాబ్దంలో డచ్చివారు, మా పెద్దల మాటలో ఒలందులు, ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. ఈ ప్రాంతంలో పండే గోగు నార మా రేవు నుంచి ఎంతగా ఎగుమతి అయ్యేదంటే, ప్రపంచ విపణిలో ఆ నారకు మా ఊరి పేరే పెట్టి ‘బిమ్లి జూట్’ అని పిలిచారు. ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసుకుంటే, కూలీలు సరుకును పడవల మీద కెరటాలు దాటించి ఓడలకు ఎక్కించేవారని మా తాతగారు చెప్పేవారు. అయితే రైలు మార్గం విజయనగరం మీదుగా విశాఖపట్నానికి వెళ్లిందే తప్ప భీమిలిని తాకలేదు. 1933లో విశాఖలో ఓడలు నేరుగా గట్టుకు చేరే రేవు తెరుచుకున్నాక, కెరటాల మీద సరుకు మోయించుకునే అవసరం ఎవరికీ లేకపోయింది. గిడ్డంగులు ఖాళీ అయ్యాయి, వర్తకులు తరలిపోయారు. ఫ్యాక్టరీలు, క్రేన్లు లేని ఇసుక తీరం మాత్రం మిగిలింది, దానిని చూడడానికే ఇప్పుడు జనం వస్తున్నారు.

పర్యాటకం మా ఊరికి రోడ్డు మీద నడిచి వచ్చింది. నా చిన్నతనంలో తీరం వెంబడి దారి సన్నగా, ఒక పక్క సరుగుడు తోటలతో, మరో పక్క ఇసుకతో ఉండేది; చీకటి పడితే ఆ దారిన వెళ్లడానికి పెద్దలు ఒప్పుకునేవారు కారు. ఆ దారి వెడల్పై బీచ్ రోడ్డుగా స్థిరపడిన కొద్దీ విశాఖ ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, తిమ్మాపురం, మంగమారిపేట వరుసగా పట్టణపు రూపు దాల్చాయి. రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు ‘బ్లూ ఫ్లాగ్’ వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని దాటినప్పుడు సరుగుడు తోటలు కుప్పకూలాయి; తరువాత చాలాచోట్ల ఆ ఖాళీలో మళ్లీ చెట్టు రాలేదు, కట్టడం వచ్చింది. దగ్గరలోని భోగాపురంలో కొత్త విమానాశ్రయం వస్తుందన్న మాట వినబడిన నాటి నుంచి స్థలాల ధరలు పెరిగి, మా వీధిలోనే ఇద్దరు పాత పెంకుటిళ్లను అమ్ముకున్నారు.

ఈ ఎదుగుదలంతా రోడ్డు పొడవునా జరిగింది గాని ఊరి లోపలికి అంతగా రాలేదని నా అభిప్రాయం. సాయంత్రం నాలుగింటికి కార్లు వస్తాయి. జనం ఒడ్డున ఫోటోలు తీసుకుని, మురీ మిక్చర్ తిని, చీకటి పడకముందే వెనుదిరుగుతారు. వారిలో పదిమందికి ఒకరు కూడా ఊళ్లోని గంటస్తంభం వైపు నడిచిరారు. ఆ గంటసేపటి కోసమైతే విశాఖలోని రామకృష్ణా బీచ్ చాలు, ఇంత దూరం రావలసిన పని లేదు. దయచేసి పొద్దున్నే బయలుదేరండి. కారు లేకపోయినా ఇబ్బంది లేదు, బీచ్ రోడ్డు మీదుగా 900కె సిటీ బస్సు వస్తుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా సముద్రం కనిపిస్తుంది.

దారిలో మొదట తొట్లకొండ ఉంది. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ ఆరామం అది. భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. ఎండ ముదరకముందే చూసుకుని ముందుకు సాగడం మంచిది, ఎందుకంటే అసలు సమయం కేటాయించవలసింది ఎర్రమట్టి దిబ్బలకు.

ఈ దిబ్బల గురించి కాస్త ఎక్కువగా చెప్పనివ్వండి. నా విద్యార్థులను ప్రతి ఏడాది అక్కడికి తీసుకువెళ్లేవాడిని. పుస్తకంలో అర్థం కాని భూగోళ పాఠం అక్కడ పావుగంటలో అర్థమయ్యేది. వేల సంవత్సరాల క్రితం, సముద్ర మట్టం బాగా తగ్గినప్పుడు, నీటి అడుగున ఉన్న ఇసుక నేల బయటపడింది; ఆ ఇసుకను గాలి ఒడ్డు లోపలికి ఎత్తి పోసింది. ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూతలా పట్టడంతో దిబ్బలు ఎర్రబడ్డాయి. ఆ మెత్తని దిబ్బలను వాన నీరు కోసుకుంటూ పోగా లోతైన గండ్లు, నిటారు గోడలు ఏర్పడ్డాయి. ఉష్ణమండలంలో ఇలాంటి ఎర్రని తీర దిబ్బలు బహు అరుదు, మన దేశంలో తమిళనాడులో మరొకచోట ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంత గుర్తింపు ఉన్నా అంచులను తవ్వి చదును చేయడం, మట్టి తరలించడం నా కళ్లారా చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోయింది. గాలి, వాన కలిసి వేల ఏళ్లు చేసిన పనిని యంత్రం ఒక పూటలో చెరిపేస్తుంది, దానిని తిరిగి కట్టే విద్య మనకు లేదు. మీరు వెళ్లినప్పుడు పిల్లలను గోడల మీదికి ఎక్కనివ్వకండి. అడుగు పడినచోటల్లా మట్టి జారిపోతుంది, పైగా అంచు విరిగితే ప్రమాదం కూడా.

ఊళ్లోకి వచ్చాక ఒలందుల సమాధుల తోట చూడండి. శిఖరంలా పైకి లేచిన ఆ పాత సమాధుల మధ్య చిన్నప్పుడు మేము దాగుడుమూతలు ఆడేవాళ్లం. వాటి మీద చెక్కిన అక్షరాలను చదివించినప్పుడు గాని, మన ఊరికి ఎక్కడి నుంచో వచ్చి తిరిగి వెళ్లలేకపోయినవారి పేర్లు అవి అని తెలియలేదు. దగ్గరలోనే పాత చర్చి, లైట్‌హౌస్ ఉన్నాయి. కాళ్లలో సత్తువ ఉంటే పావురాలకొండ ఎక్కండి. నరసింహస్వామి గుడి, బౌద్ధుల నాటి అవశేషాలు ఒకే కొండ మీద ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ స్పష్టంగా కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా, తాటిపూడి జలాశయం మీదుగా ఈ నది మా ఊరికి వస్తుంది.

ఆ మొగ దగ్గర మాత్రం నీళ్లలో దిగవద్దు. ఒక కార్తిక మాసంలో మా మేనకోడలి కుటుంబం వనభోజనాలకు వచ్చినప్పుడు, ఆమె మరిది మోకాలి లోతే కదా అని ఏటిలోకి నాలుగడుగులు వేశాడు. నీరు సముద్రంలోకి తీస్తున్న సమయమది. కాలి కింది ఇసుక కదలి, చూస్తుండగానే అతడు ఇరవై గజాలు కొట్టుకుపోయాడు. ఒడ్డున వలలు బాగు చేసుకుంటున్న జాలరులు తాడు విసిరి అతడిని ఒడ్డుకు లాగారు. వారిలో పెద్దాయన మాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “పోటప్పుడు ఏమీ అనదు బాబూ, నీరు తీసేటప్పుడే లాగేస్తాది.” అప్పుడు అక్కడ హెచ్చరిక బోర్డు గాని, కాపలా గాని లేవు. అందుకే స్నానం చేయాలనుకుంటే మొగకు దూరంగా, ఊరి ముందు తీరంలో, ముందు జాలరులను అడిగి దిగండి. ఏ రోజు నీరు ఎలా ఉందో వారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

భోజనం సంగతి కూడా అడిగారు. పెద్ద రిసార్టులన్నీ రోడ్డు పొడవునా ఉన్నాయి, ఊళ్లో మాత్రం చిన్న హోటళ్లే. వాటిలో తినమనే నా మనవి, ఎందుకంటే మీరు ఇచ్చే డబ్బు ఊరికి చేరే దారి అదొక్కటే. వేసవిలో వస్తే రోడ్డు పక్కన తాటి ముంజలు అమ్ముతారు, లేతవి చూసి తీసుకోండి. వీలైతే ముందురోజు రాత్రే వచ్చి ఊళ్లో బస చేయండి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరతాయి, ఆడవాళ్లు గంపలతో ఎదురువెళ్లి అక్కడికక్కడే బేరాలాడుతారు. ఆరున్నర దాటితే ఆ సందడి సద్దుమణిగిపోతుంది.