చిన్నోడిని గుద్దుడు కోచ్ దగ్గరికి ఇప్పుడే మార్చకు

శ్రీనూ,

చిన్నోడు బక్కగా ఉన్నాడు, ఐస్ హాకీలో మంచు మీద అందరూ నెట్టేస్తున్నారు, జిమ్‌లో చేర్పించి, ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం నేర్పే కోచ్ దగ్గరికి మారుస్తానన్నావు. ఇప్పుడే వద్దురా. వాడికింకా 11 ఏళ్లు.

పోయిన చలికాలం మంకీ క్యాప్ పెట్టుకుని మీ మంచు గ్రౌండ్‌లో, అదే రింక్‌లో, కూర్చున్నాను కదా, ఐస్ హాకీ నాకు రాదు కానీ 30 ఏళ్లు కబడ్డీ నేర్పినవాణ్ణి, ఎవడు ఆడుతున్నాడో, ఎవడు బరువుతో నెట్టుకొస్తున్నాడో చూస్తే తెలుస్తుంది. అక్కడ జనవరి నుంచి లెక్కేసి జట్లు కడతారు, వీడు నవంబరులో పుట్టాడు. ఆ వయసులో పది నెలలంటే రెండు మూడు వేళ్ల ఎత్తు. (మన బళ్లో సగం మందిని జూన్‌లోనే పుట్టించేవాళ్లం, ఆ గొడవే లేదు.)

నేను చేసిన తప్పు చెప్తా. ఒకసారి ఎన్.జి. కాలేజీ గ్రౌండ్‌లో జట్టును ఎంపిక చేస్తూ, కాలు పట్టుకున్నా చేపలా జారిపోయే ఒక బక్క పిల్లాణ్ణి పక్కన పెట్టి, మీసాలు మొలిచిన ఇద్దరిని తీసుకున్నా. గెలిచాం కూడా. రెండేళ్లలో మిగతావాళ్లూ ఎదిగేసరికి ఆ ఇద్దరికీ నెట్టడం తప్ప వేరే విద్య లేదు, కూతకు పోతే తిరిగి రాలేదు. బక్కోడు నా అంత ఎత్తయ్యాడు, కానీ అప్పటికే ఆట మానేశాడు. ఇప్పుడు బత్తాయి తోట చూసుకుంటున్నాడు, కనబడితే నమస్తే సార్ అంటాడు, నాకే మొహం చెల్లదు.

11, 12 ఏళ్ల పిల్లలకు బాడీ చెకింగ్‌ను, అంటే ఈ ఒంటితో గుద్ది ఆపడాన్ని, అమెరికా వాళ్లు 2011లో, కెనడా వాళ్లు 2013లో తీసేశారు. ఊరికే కాదు. అంతకుముందు కెనడాలోనే ఢీకొట్టనిచ్చే ఆల్బెర్టా రాష్ట్రం పిల్లల్ని, ఇవ్వని క్యుబెక్ పిల్లల్ని పోల్చి చూస్తే, ఆల్బెర్టాలో దెబ్బలు మూడు రెట్లకు పైగా ఉన్నాయి, తల దెబ్బలతో సహా.

అట్లని ఢీ సంగతి అసలు చెప్పొద్దని కాదు, 13 దాటాక కొన్ని జట్లలో అది ఉంటుంది. రింక్ చుట్టూ గోడలా ఉండే బోర్డుల దగ్గర వీపు చూపొద్దని, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కోసం నేరుగా కాకుండా ఏటవాలుగా పోవాలని, తగిలేలా ఉంటే మోకాళ్లు వంచి బోర్డుకు అతుక్కోవాలని ఇప్పుడే చెప్పు. బోర్డుకు అతుక్కోకుండా కొన్ని అడుగుల దూరంలో ఉన్నప్పుడు తగిలే దెబ్బే ప్రమాదం.

నాకు కనబడిన లోపం బక్కతనం కాదు. పక్ దొరకగానే వాడు తల దించేస్తాడు. అది కర్ర చివర ఉందని చేతికి తెలియాలి, కన్ను ఎదుటివాడి మీద ఉండాలి, అప్పుడే గుద్దడానికి వచ్చేవాడు ముందుగా కనబడతాడు. ఐస్ హాకీలో మహా ఆటగాడు గ్రెట్స్కీ అంతటివాణ్ణి వాళ్ల నాన్న పెరట్లో నీళ్లు గడ్డకట్టించి, డబ్బాలు పెట్టి వాటి చుట్టూ తిప్పించాడు. నువ్వు బేస్‌మెంట్‌లో టెన్నిస్ బంతీ కర్రా ఇచ్చి, ఎదురుగా నిలబడి వేళ్లు చూపించు, వాడు బంతి తిప్పుతూనే ఎన్నో చెప్పాలి. రోజూ పావుగంట చాలు.

జిమ్‌కి డబ్బులు ముందే కట్టేసుంటే వెనక్కి ఇస్తారేమో అడుగు. ఆదివారం వీడియో కాల్‌లో వేళ్లు నేను చూపిస్తా, కర్ర పట్టుకుని రెడీగా ఉండమను.

మీ పెద్దనాయన
నల్గొండ