రంగు సంగతి తర్వాత, ముందు గోడ సంగతి చూడు బిడ్డా

బిడ్డా,

హన్మకొండలో కొన్న పాత ఇంటికి నువ్వూ అల్లుడూ కలిసి మీరే రంగులు వేసుకుంటామని నిన్న ఫోన్లో చెప్తే నాకు మస్తు సంతోషమైంది. ముప్పై ఏళ్లలో మా ఇంటికి నాలుగుసార్లు నా చేత్తోనే వేసుకున్నా, అందుకే ఫోన్లో చెప్పలేనివన్నీ రాస్తున్నా, కొంచెం ఓపికగా చదువు.

హాల్లో ఏ రంగు బాగుంటుందని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి గట్టిగా రుద్దు. చెయ్యి తెల్లగా అయిందంటే అది పాత సున్నం. ఆ కాలంలో పండక్కి పండక్కి సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టేవాళ్లు, పొర మీద పొర ఎన్ని ఉంటాయో లెక్కే ఉండదు. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు, వేసినా అది గోడను పట్టుకోదు, ఆ పొడిని పట్టుకుంటుంది. పొడి రాలిన రోజు రంగూ రాలుతుంది.

నాకిది 2009లో తెలిసింది. మీ అక్క పెళ్లి శ్రావణంలో, ముహూర్తం దగ్గర పడింది, బయట ముసురు, నేనేమో గోడలు సరిగ్గా గీకకుండానే రంగు రెండు కోట్లు, అంటే రెండు పూతలు, వేసేశా. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. కార్తీకం వచ్చేసరికి బాత్రూమ్ ఆనుకున్న గోడ ఉబ్బింది, వేలితో అంచు పట్టి లాగితే అరచేయంత పెచ్చు చేతికొచ్చింది, దాని వెనక తడి సున్నం అంటుకొని ఉంది. ఆ గోడంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

కాబట్టి ఉన్న సున్నమంతా రేకుతో గీకండి, తర్వాత తడిబట్టతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఒక్క గదికి రెండు రోజులు పట్టినా పట్టనీ. దుమ్ము విపరీతంగా లేస్తుంది, ముక్కుకు మాస్కు లేకుండా ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. ఫ్యాన్లు, స్విచ్ బోర్డుల దగ్గర తడిబట్ట పెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి, ఇది మాత్రం మర్చిపోకు. కింద చౌడు పట్టిన చోట తెల్లటి ఉప్పు కనిపిస్తే దాన్ని పొడి బ్రష్‌తో దులపాలి. అనుమానం ఉన్న చోట ఒక ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపు వేసి అంటించు, మర్నాడు లోపల నీటి బొట్లు కనిపిస్తే గోడలో చెమ్మ ఉన్నట్టే. అప్పుడు ముందు ప్లంబర్‌ను పిలవాలి, రంగు ఆపాలి.

తర్వాత లప్పం, అదే గోడను నున్నగా చేసే పుట్టీ. సిమెంట్ లప్పం అయితే గోడను కొంచెం తడిపి పల్చగా రెండు కోట్లు పట్టాలి. మొదటిది ఆరాకే రెండోది, మందంగా ఒకేసారి పెడితే నెర్రెలిస్తుంది. ఒకేసారి ఎక్కువ కలపొద్దు, రెండు మూడు గంటల్లో గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఆరాక సాండ్ పేపర్‌తో రుద్ది, చీకటి పడ్డాక టార్చ్‌లైటు గోడకు ఆనించి పక్క నుంచి వేసి చూడు. పగలు నున్నగా అనిపించిన గోడ మీద గుంటలు, గీతలు అన్నీ నీడలు పడి బయటపడతాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకొని మర్నాడు సరిచేయండి.

ఇదంతా దండగ అనిపిస్తే గుడ్డ మీద బొమ్మలు వేసే చేర్యాల నకాషీ వాళ్లను గుర్తు తెచ్చుకో. ఇప్పుడు సిద్దిపేట జిల్లా అంటున్నారు గానీ ఒకప్పుడు మన వరంగల్ జిల్లానే. వాళ్లు బొమ్మ వేసేముందు గుడ్డకు గంజి, తెల్లమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి మూడుసార్లు పూసి ఆరబెడతారు. ఆ తర్వాతే కుంచె పట్టేది. మన గోడకు లప్పం, రంగుకు ముందు వేసే ప్రైమర్ అలాంటివే. ప్రైమర్ ఒక్క కోటు చాలు, కానీ వేయకుండా ఉండొద్దు, లేకపోతే లప్పం రంగునంతా తాగేస్తుంది.

ఎంత కొనాలంటే, పది బై పన్నెండు గది, ఎత్తు పది అడుగులు అనుకో, గోడలు 440 చదరపు అడుగులు, తలుపు కిటికీలు తీసేస్తే 400. రెండు కోట్లకు లీటరు ఎమల్షన్ 100 చదరపు అడుగుల పైనే వస్తుంది, నాలుగు లీటర్లు సరిపోతాయి. ఒకే షేడు డబ్బాలు రెండు మూడుంటే అన్నీ ఒక బకెట్లో పోసి కలిపేయండి, డబ్బాకూ డబ్బాకూ కొద్దిగా తేడా ఉంటుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే.

ముందు స్లాబు, తర్వాత గోడలు. మూలలు, అంచులు నువ్వు రెండంగుళాల బ్రష్‌తో వేస్తూ పో, ఆ తడి ఆరకముందే అల్లుడు రోలర్ తిప్పాలి. మొదలుపెట్టిన గోడ మధ్యలో ఆపి టీకి పోవద్దు, ఆగిన చోట గీత పడుతుంది, అది రెండో కోటుతో కూడా పోదు. ముసురు పోయింది కాబట్టి ఇప్పటి నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం దాకా ఆగకండి, మన దగ్గర మే నెల ఎండలకు రోలర్ తిప్పేలోపే అంచులు ఆరిపోతాయి.

తలుపుల విషయంలో నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. వాటి మీదున్నది పాత ఆయిల్ పెయింట్, అందులో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, ఆ తలుపులు అంతకంటే చాలా పాతవి. పొడిగా రుద్దొద్దు, నీళ్లు పెట్టి తడిగానే రుద్దండి, రాలిన పొట్టు తడిగుడ్డతో ఎత్తేయండి. ఆ రెండు రోజులు చిన్నోణ్ని మా ఇంట్లో వదిలిపెట్టండి, పెద్దమ్మ చూసుకుంటుంది.

శనివారం పొద్దున నేను వస్తా. నిచ్చెన, గీకే రేకులు రెండూ నా దగ్గరున్నాయి, కొనకండి. హాల్లో సామాను మాత్రం మధ్యలోకి జరిపి పాత చీరలు కప్పి ఉంచు.

పెద్దబాపు