క్వార్టర్‌బ్యాక్ కాలేజ్ నుంచి ముందే వెళ్ళాలా?
బ్రో, మీ ఫ్రెండ్స్ మధ్య గొడవ క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి ఆట నడిపించేవాడు) కాలేజ్ మూడో ఏడాదే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) పోవాలా కాలేజ్‌లో ఇంకో సీజన్ ఆడాలా అనే కదా, అయితే ముందు అతను ఎన్ని మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడో (మొదటి నుంచే బరిలో దిగాడో) చూడండి. హైస్కూల్ అయ్యి మూడేళ్ళు దాటితే డ్రాఫ్ట్‌కి (ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు రౌండ్ల వారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునేది) వెళ్ళొచ్చు కానీ అది అర్హత మాత్రమే. ఆంథనీ రిచర్డ్‌సన్ ఫ్లోరిడాలో 13 స్టార్ట్‌లతోనే 2023లో 4వ పిక్ అయ్యాడు, మరుసటి ఏడాదే 2024లో అతని టీమ్ కోల్ట్స్ బెంచ్ మీద కూర్చోబెట్టింది. అలాగని ఉండిపోతే అంతా సేఫ్ అనుకోకు, మ్యాట్ బార్క్లీ 2012కి తన కాలేజ్ యూఎస్‌సీలోనే ఉన్నాడు, భుజానికి దెబ్బ తగిలి 2013లో నాలుగో రౌండ్‌కి జారిపోయాడు (పాపం). ఆండ్రూ లక్ మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో ఏడాది ఆడి 2012లో నంబర్ వన్.

ఇంట్లో డబ్బు ఇబ్బంది కాబట్టి పోవాలి అనే మాట ఇదివరకు కరెక్టే గానీ, 2021 నుంచి కాలేజ్ ప్లేయర్లు తమ పేరు మీద స్పాన్సర్‌షిప్ డబ్బు తీసుకోవచ్చు కాబట్టి ఇప్పుడంత బలం లేదు. లీగ్ అడ్వైజరీ కమిటీని అడిగితే ఫస్ట్ రౌండా, సెకండా, కాలేజ్‌లోనే ఉండాలా అనేది చెప్తుంది. ఫస్ట్ అని వచ్చి రెండు సీజన్లు ఫుల్‌గా స్టార్ట్ చేసుంటే వెళ్ళిపోవాలి, లేదంటే ఉండాలి, నా ఓటు అదే.