హైరెస్ పాటల కోసం లక్షా నలభై వేల అప్పా?

ప్రశ్న: నా వయసు 31. కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాం. జీతం చేతికి 62,000 వస్తుంది. అద్దె, బండి ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 42,000. సిప్‌కు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 8,000 పోతుంది. బ్యాంకులో 55,000 ఉన్నాయి. యాపిల్ మ్యూజిక్‌కు చందా కడుతున్నాను. విండోస్ కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో వింటాను. హైరెస్ (మామూలు కన్నా ఎక్కువ వివరంతో వచ్చే పాట) తేడా ఏమీ తెలియడం లేదు. డాక్ (డిజిటల్ పాటను శబ్ద సంకేతంగా మార్చే పరికరం), యాంప్ (ఆ సంకేతాన్ని పెంచేది), స్పీకర్లు కలిపి 1,40,000 అవుతాయి. 16 శాతం వడ్డీకి, 24 నెలలకు పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. జబ్బేమిటో చూడకుండా మందు కొనే ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మీరు వింటున్న దారిలో హైరెస్ అసలు రావడమే లేదు. యాపిల్ మ్యూజిక్ లాస్‌లెస్‌ను (నాణ్యత పోకుండా కుదించిన పాట, హైరెస్ అందులో పై మెట్టు) బ్రౌజర్‌లో ఇవ్వదు. ఆపైన బ్లూటూత్ పాటను మళ్లీ కుదించి పంపుతుంది. లక్ష పెట్టి డాక్ తెచ్చినా బ్రౌజర్‌లోనే వింటే అందేది ఈ శబ్దమే. ముందు విండోస్ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లోని ప్లేబ్యాక్‌లో లాస్‌లెస్ ఆన్ చేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్‌కు వెళ్లి మీ అవుట్‌పుట్ డివైస్ మీద నొక్కండి. అక్కడ ఫార్మాట్ 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఈ హెర్ట్జ్ అంకె, శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారో చెప్పే రేటు. పాట ఏ రేటుది అయినా విండోస్ దాన్ని ఇక్కడ పెట్టిన రేటుకు మార్చేస్తుంది. పాట 96 కిలోహెర్ట్జ్ (96000 హెర్ట్జ్) అయినా ఇక్కడ 48 ఉంటే వినిపించేది 48 మాత్రమే. ఇంట్లో ఉన్న వైరు ఇయర్‌ఫోన్స్‌ను కంప్యూటర్ జాక్‌కే పెట్టి వినండి. పైసా ఖర్చు లేదు. జాక్‌లో గరగర వస్తే, టైప్-సి పోర్టు ఉన్నట్లయితే, సుమారు వెయ్యి రూపాయల యాపిల్ అడాప్టర్ చాలు. అది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకు ఇస్తుంది. 192 కిలోహెర్ట్జ్ కావాలంటే ఈ అడాప్టర్ చాలదు, నిజమే. కానీ మనిషి చెవికి వినబడేది 20 కిలోహెర్ట్జ్ కంపనాల వరకే, దానికి 44.1 రేటు సరిపోతుంది. పైగా మూడు నిమిషాల పాట 192లో సుమారు 145 ఎంబీ, మామూలు లాస్‌లెస్‌లో 36. మొబైల్ హాట్‌స్పాట్‌తో వినేవాళ్లకు డేటా ఇట్టే అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇంటి ఖర్చు 42,000 అయితే ఆరు నెలలకు 2,52,000 అత్యవసర నిధిగా చేతిలో ఉండాలి. ఉన్నది 55,000, అంటే నెలా పది రోజులకు కూడా చాలదు. ఈ స్థితిలో నెలకు సుమారు 6,850 చొప్పున 24 నెలల ఈఎంఐ మెడకు తగిలించుకుంటారా? వడ్డీయే దాదాపు 24,500. రేపు ఉద్యోగం పోతే అద్దెతోపాటు ఇదీ కట్టాలి. అప్పటికి స్పీకర్లు అమ్మబోతే కొన్న ధర రాదు. క్రెడిట్ కార్డు మీద తోసి కనీస మొత్తం కడదామనుకుంటే ఇంకా ఘోరం, నెలకు మూడు శాతం దాటే వడ్డీలున్నాయి. నో-కాస్ట్ ఈఎంఐ అంటారు కానీ వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. సరదా కోసం అప్పు, అదీ అత్యవసర నిధి లేకుండా చేయడం నాకు ఏ కోణంలోనూ సమ్మతం కాదు.

తక్కువ పడింది 1,97,000. పది నెలలు సిప్ ఆపి, మిగిలే 20,000 మొత్తం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే ఖాతా నుంచే తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్) వేయండి, లెక్క సరిపోతుంది. సిప్ ఆపడం బాధగా ఉంటుంది, అయినా ఈ దశలో ఇదే సరైన పని. ఆఫీసు బీమా ఒక్కటే ఉంటే, విడిగా ఒక కుటుంబ ఆరోగ్య పాలసీ కూడా తీసుకోండి.

నిధి నిండాక సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగిలిన 12,000లోంచి పొదుపు చేసి నగదుతో కొనండి. మొదట స్పీకర్లే కొనాలి, శబ్దంలో పెద్ద తేడా వాటివల్లే వస్తుంది. యాంప్ లోపలే ఉండే రకం అయితే యాంప్ ఖర్చు తప్పుతుంది. డాక్ అన్నిటికన్నా చివర.