పెత్తనం సభ్యులదేనా?

ప్రశ్న: వెనకబడిన దేశాల్లో పేదరికం తగ్గాలంటే సహకార సంఘాలే దారి అంటారు. కానీ చాలా చోట్ల అవి అప్పుల్లో కూరుకుపోయాయి, లేదా రాజకీయ నాయకుల చేతుల్లోకి పోయాయి. ఇంకా వాటి మీద ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. కాకపోతే సంఘంలో పెత్తనం సభ్యులదే అయి ఉండాలి, పెట్టుబడిలో కూడా చెప్పుకోదగ్గ భాగం వాళ్లదే కావాలి.

చిన్న రైతు చిక్కంతా అమ్మకం దగ్గరే. పాలు ఎక్కువసేపు నిల్వ ఉండవు కాబట్టి కొనేవాడు ఎంతిస్తే అంతకి పోసి రావాల్సిందే, ఆ కొనేవాడు ఒక్కడే అయితే ఇక చెప్పక్కర్లేదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నది ఈ బాధ పడలేకే. అదే తర్వాత అమూల్ అయింది. పేరు అందరికీ తెలుసు గానీ, అసలు పని జరిగేది ఊళ్లోని పాల కేంద్రంలో. వరసలో నిలబడి పాలు పోస్తారు, కాస్త శాంపిల్ తీసి వెన్న శాతం చూస్తారు, దాన్నిబట్టి రేటు కట్టి పుస్తకంలో రాస్తారు. ఒక్క గేదె ఉన్నామెకీ పది ఉన్నాయనకీ అదే కొలత, ఓటు కూడా చెరొకటే. చలికాలంలో పాలు ఎక్కువై, ఆ పాలు వెళ్లే బొంబాయి నగరం అన్నీ కొనలేకపోతే, మిగిలినవాటి కోసం 1955లో ఆనంద్‌లో పాలపొడి ఫ్యాక్టరీ వచ్చింది. ఏ రైతూ ఒంటరిగా చేయలేని పని అది, సహకారంలో నాకు అన్నిటికంటే నచ్చేది కూడా ఇదే.

ఇక మీ అనుమానం. అది నిజమే. టాంజానియాలో కిలిమంజారో కాఫీ రైతులకు 1933 నుంచే సొంత యూనియన్ ఉండేది. 1976లో ప్రభుత్వం ఇలాంటి యూనియన్లన్నిటినీ రద్దు చేసి, పంట కొనే పని తన సంస్థలకు అప్పగించింది. 1982లో చట్టం చేసి మళ్లీ తెచ్చారు గానీ, పైనుంచి దిగిన సంఘాన్ని రైతు తనది అనుకోవడం కష్టం. అప్పుల సంగతీ అంతే. సర్కారు డబ్బు అనుకుంటే, ఎన్నికలొస్తే మాఫీ చేస్తారులే అని ఎదురు చూస్తారు. అదే కెన్యాలో సాకోలు అనే పొదుపు సంఘాల్లో ముందు మీరు దాచుకోవాలి, దాన్నిబట్టే అప్పు ఇస్తారు, దానికి తోటి సభ్యులు హామీ ఉండాలి. ఎగ్గొడితే రోజూ కలిసి పనిచేసేవాళ్ల ముఖం చూడాలి కదా!

అందుకే ఏదైనా సంఘంలో చేరేముందు బోర్డు మీద పేరు చూసి ఆగిపోకండి. చివరిసారి ఎన్నికలు ఎప్పుడు జరిగాయి, ఆడిట్ లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివారా, మేనేజర్‌ని తీసేసే అధికారం సభ్యులకుందా, లేక ఏ ఆఫీసరుకో ఉందా, ఇవి అడగండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమ్ముకోవడానికి సరుకే లేని కూలీకి పాల సంఘం, కాఫీ సంఘం చేసేది చాలా తక్కువ. ఆ మనిషికి కావాల్సింది పొదుపు సంఘమో, కూలీలే కలిసి కాంట్రాక్టు పనులు తీసుకునే సంఘమో.